పక్కనే... కానీ పక్కలో కాదు

బిడ్డ పుట్టబోతున్న ఇంట్లో చర్చ పేరు దగ్గర మొదలై పడక దగ్గర ఆగుతుంది. అమ్మమ్మ ఓటు చీర ఉయ్యాలకు. నాయనమ్మది మరో మాట. తల్లి పక్కలో కాక పసిబిడ్డ ఇంకెక్కడ పడుకుంటుందని ఆమె ప్రశ్న. కాబోయే తల్లి మాత్రం సెల్‌ఫోన్‌లో బెడ్‌సైడ్ కాట్‌ల బొమ్మలు చూస్తూ ఉంటుంది. పెద్ద మంచానికి ఆనుకుని, ఒక వైపు అంచు కిందికి దిగి ఉండే బుల్లి మంచం అది. రాత్రి పాలకోసం బిడ్డ ఏడిస్తే లేచి నాలుగడుగులు వేయక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు.

విజయవాడలోనో వరంగల్‌లోనో అయితే ఈ చర్చ సాయంత్రం దుకాణానికి వెళ్లడంతో ముగుస్తుంది. డాలీగంజ్‌లో అంత తేలిక కాదు. 2024 సెప్టెంబర్‌లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు ఇది శివారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగే. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. ఊరు మారినా పట్టింపులు మారలేదు. బిడ్డ భూమ్మీద పడకముందే ఉయ్యాల కొనకూడదన్నది అందులో ఒకటి. కానీ చెన్నై నుంచైనా, విశాఖ నుంచైనా సరుకు దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. కాన్పయ్యాక ఆర్డర్ పెడితే బారసాల నాటికి అందుతుందన్న భరోసా లేదు. రెండు డెలివరీల తేదీలు కుదరవన్నమాట. ఆ మధ్యలో గడిచే రాత్రులే బిడ్డకు అత్యంత సున్నితమైన రోజులు.

2020 ఆగస్టులో చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవుల్లో ఇంటర్నెట్ వేగం పుంజుకుంది. దాంతో ప్రపంచంలోని కాట్‌లన్నీ అరచేతిలోకి వచ్చేశాయి. అయితే ఫోటోలో రంగు, డిజైన్ కనిపిస్తాయే తప్ప పరుపు ఎంత గట్టిదో, కొక్కెం ఎంత బిగువో కనిపించదు. చూడాల్సింది ఆ రెండే.

ఈ బుల్లి మంచానికి గిరాకీ ఎందుకు పెరిగిందో ఊహించడం కష్టం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పొట్ట మీద కుట్లున్న బాలింత రాత్రికి మూడు నాలుగుసార్లు మంచం దిగి ఎక్కడమంటే నరకమే. బిడ్డ చేతికందే దూరంలో ఉంటే పాలివ్వడం తేలిక. అందువల్ల పాలు మాన్పించాలన్న ఆలోచనా త్వరగా రాదు.

అసలు ప్రశ్న సౌకర్యం గురించి కాదు, ఊపిరి గురించి. పూర్తి ఆరోగ్యంగా ఉన్న పసికందు నిద్రలోనే మరణించే ఉదంతాలు పాశ్చాత్య దేశాలను దశాబ్దాల పాటు కలవరపెట్టాయి. బోర్లా పడుకోబెట్టిన పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువని తేలడంతో 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం శిశువులను బోర్లా పడుకోబెట్టవద్దని సూచించింది. 1994లో దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ ఆకస్మిక శిశు మరణాల రేటు సగానికి పైగా పడిపోయింది. మందు లేదు, యంత్రం లేదు. బిడ్డను వెల్లకిలా తిప్పడం ఒక్కటే చికిత్స.

అదే సంఘం 2022లో మార్గదర్శకాలను సవరించింది. కనీసం ఆరు నెలల వరకు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వారికి దగ్గరగానే పడుకోవాలి. కానీ తనదంటూ వేరే పరుపు ఉండాలి. అది గట్టిగా, చదునుగా ఉండాలి. దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి తప్ప మరేమీ ఉండకూడదు. తెలుగులో రెండు ముక్కల్లో చెప్పాలంటే, తల్లి పక్కనే ఉండాలి, తల్లి పక్కలో కాదు.

ఈ మాట మన ఇళ్లలో మింగుడుపడటం కష్టం. తరతరాలుగా తల్లి పక్కలో పడుకునే పెరిగాం కదా అంటారు పెద్దలు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ తరాల పక్క వేరు. నేల మీద చాప, దాని మీద పల్చటి బొంత, పక్కన తల్లి ఒక్కతే. ఇప్పటి పక్క మెత్తటి ఫోమ్ పరుపు, నాలుగు దిండ్లు, ఏసీ చలికి కప్పుకునే రగ్గు, అటువైపు తండ్రి. పరుపు ఎంత మెత్తగా ఉంటే బిడ్డ ముఖం అంతగా కూరుకుపోతుంది. తల్లిదండ్రుల్లో ఎవరైనా పొగ తాగినా, మద్యమో నిద్రమత్తు కలిగించే మందులో తీసుకున్నా, బిడ్డ నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టినా ముప్పు పెరుగుతుంది. మన దేశంలో బరువు తూచిన ప్రతి వంద మంది నవజాత శిశువుల్లో 18 మంది రెండున్నర కిలోలకన్నా తక్కువ. ఇక బిడ్డను గుండెల మీద వేసుకుని సోఫాలో కునుకు తీయడం మంచం మీద పడుకోబెట్టుకోవడం కన్నా ప్రమాదకరం.

అలాగని కాట్ కొని బిడ్డను తల్లికి దూరం చేయమని కాదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లి గుండెల వెచ్చదనాన్ని మించిన వైద్యం తక్కువ. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి హత్తుకుని ఉంచిన పిల్లల్లో మరణాలు 25 శాతం తగ్గినట్టు తేలింది. మెలకువగా ఉన్నంతసేపూ బిడ్డ చోటు తల్లి ఒళ్లే. తల్లికి నిద్ర ముంచుకొచ్చే వేళకే కాట్ అవసరం.

మరి ఉయ్యాల? పుట్టింటివారి ముచ్చట, బారసాల నాటి వేడుక, పాటల పందిరి. దాన్ని అటకెక్కించాల్సిన పని లేదు. కానీ చీర ఉయ్యాలలో బిడ్డ వెన్ను విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని బిడ్డకు అలా ఊపిరి దారి ఇరుకు కావచ్చు. పగలు ఎదురుగా ఒకరు కూర్చుని ఊపుతుంటే వేరు, రాత్రంతా వదిలేయడం వేరు. వాలుగా ఉండే పడకల సంగతి అమెరికా చేదు అనుభవంతో నేర్చుకుంది. ఫిషర్-ప్రైస్ సంస్థ తయారుచేసిన వాలు ఊయలను 30కి పైగా శిశు మరణాల నివేదికల నేపథ్యంలో 2019 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. వాటి సంఖ్య దాదాపు 47 లక్షలు. 2022లో అక్కడ చట్టమే వచ్చింది. పది డిగ్రీలకు మించి వాలుండే శిశు పడకలనూ, కాట్ లోపల చుట్టూ కట్టే మెత్తటి దిండు పట్టీలనూ నిషేధించారు. మన వద్ద తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. నిద్రలో అది పక్కన ఉండకూడదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. మొదటిది పరుపు. అరచేత్తో నొక్కి వదిలితే గుంట నిలవకూడదు. పరుపుకూ కాట్ గోడకూ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉంటే అది ఆ కాట్ పరుపు కాదు. రెండోది ఊచలు. రెండు ఊచల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లు దాటితే బిడ్డ ఒళ్లు జారి తల చిక్కుకునే ప్రమాదం ఉంది. మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, పెద్ద మంచానికీ కాట్‌కూ మధ్య ఉండే సందు. బెడ్‌సైడ్ కాట్ బలమూ బలహీనతా అక్కడే. పట్టీలతో మంచానికి బిగించాక రెండు చేతులతో లాగి చూడాలి. కదిలితే అర్ధరాత్రి తల్లి ఒత్తిగిల్లినప్పుడల్లా సందు కాస్త కాస్త పెరుగుతుంది. ఆ సందులో దుప్పటి కుక్కి సరిపెట్టుకోవడం మరీ తప్పు. పాలిచ్చాక బిడ్డను తిరిగి కాట్‌లోకి చేర్చడం, వీలైతే అంచును పైకెత్తడం అలవాటు కావాలి. దించినప్పుడు కూడా కొంత ఎత్తు గట్టు మిగిలి ఉండే రకాలు మేలు. బిడ్డ దొర్లి పెద్దవాళ్ల పక్కలోకి రాకుండా అది ఆపుతుంది.

విదేశీ కాట్‌లు అక్కడి మంచాల ఎత్తుకు తయారవుతాయి. మన ఇంట్లో ఒకరిది నేల పరుపు, ఒకరిది దివాన్ కాట్, మరొకరిది కింద పెట్టెలున్న ఎత్తు మంచం. అందుకే ఆర్డర్ పెట్టడానికి ముందు నేల నుంచి పెద్ద పరుపు పైభాగం దాకా టేపుతో కొలవడం మంచిది. రెండు పరుపుల ఎత్తు కలవకపోతే ఎంత ఖరీదైన కాట్ అయినా వృథా. దూరం నుంచి తెప్పించి వాపసు పంపాలంటే డాలీగంజ్ వాసులకు మళ్లీ సముద్రం దాటే పని.

దీవుల గాలికి తనవైన షరతులున్నాయి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట చవక ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఇనుప మరలు తుప్పు పడతాయి, పరుపు అడుగున బూజు పడుతుంది. ఉతకడానికి వీలైన తొడుగు, గాలి ఆడే అడుగుభాగం, నెలకోసారి మరలు బిగించే ఓపిక ఉండాలి. ఉక్క వాతావరణంలో బిడ్డకు స్వెటర్లు, టోపీలు అక్కర్లేదు. పల్చటి నూలు చొక్కా చాలు. ఒళ్లు వేడెక్కడం కూడా ముప్పే.

దోమల సంగతి మరో తలనొప్పి. ఉప్పు కయ్యల్లో పెరిగే మలేరియా దోమ ఈ దీవులకు పాత శత్రువు. అండమాన్‌లో దోమతెర లేని పసిబిడ్డ పడక అసంపూర్ణమే. కానీ కాట్‌కు విడిగా గొడుగు తెర వేస్తే చెయ్యి చాపి బిడ్డను తీసుకునే సౌలభ్యం పోతుంది. తెర జారి ముఖం మీద పడే భయమూ ఉంది. మంచాన్నీ కాట్‌నూ కలిపి కప్పే ఒకే పెద్ద తెరను బిగుతుగా కట్టి, బయటి అంచులను పరుపుల కిందకు మడవడం మేలు. 2004 డిసెంబర్ 26ను చూసిన నేల కాబట్టి మరో జాగ్రత్త కూడా అవసరం. బీరువా, పుస్తకాల అర, గోడ గడియారం కింద కాట్ వేయకూడదు.

ఇన్ని చిక్కులున్నప్పుడు ఊళ్లోని వడ్రంగి గుర్తుకు రావడం సహజం. 1883లో మొదలైన చాతమ్ కోత మిల్లు ఉన్న ఊరిది. చెదలను తట్టుకునే పడౌక్ చెట్టు పుట్టిన గడ్డ ఇది. 2002 మేలో సుప్రీంకోర్టు అండమాన్ అడవుల నరికివేతను స్థానికుల అవసరాలకు పరిమితం చేశాక కలప మునుపటిలా దొరకదు. అయితే బుల్లి మంచానికి కావాల్సింది కొన్ని పలకలే. పాత తలుపుల పడౌక్ అయినా పనికొస్తుంది. పాత రంగును మాత్రం పూర్తిగా తొలగించాలి. రంగుల్లో సీసం మోతాదు పది లక్షల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును నమ్మలేం. వడ్రంగికి నగిషీ గురించి చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆరు సెంటీమీటర్ల ఊచల లెక్క, పరుపు ఎత్తు, మంచానికి కదలకుండా బిగించే రెండు బలమైన బిగింపులు మాత్రం రాసిచ్చి చేయించుకోవాలి.

అదీ వీలు కాని ఇంట్లో ఏం చేయాలి? తల్లి చాప పక్కనే మరో చాప, దాని మీద పల్చటి గట్టి పరుపు, పైన తెర. బిడ్డ వెల్లకిలా, దిండు లేకుండా. నేల పొడిగా, చీమలు లేకుండా ఉంటే చాలు. వేల రూపాయల కాట్ ఇచ్చే రక్షణలో చాలా భాగం ఈ ఏర్పాటుతోనే దక్కుతుంది. పైగా పడిపోయే భయం లేదు.

కాట్‌కు ఆయుష్షు తక్కువ. బోర్లా పడితే బొబ్బట్లు పంచడం తెలుగువారి ఆనవాయితీ. ఆ బొబ్బట్ల రోజు నుంచే కాట్ సెలవుకు సిద్ధమవుతున్నట్టు లెక్క. బిడ్డ చేతులు, మోకాళ్ల మీద లేవడం మొదలెడితే ఇక అందులో ఉంచకూడదు. ఎత్తు గోడలున్న పెద్ద కాట్‌కో, నేల పరుపుకో మార్చాలి. ఐదారు నెలల వస్తువు కాబట్టి బంధువుల ఇంటి నుంచి పాతది తెచ్చుకోవడంలో నామోషీ లేదు. కానీ మరలన్నీ ఉన్నాయా, కొక్కెం పడుతోందా, పరుపు కుంగిందా అని చూశాకే. దించే పక్కలున్న పాత కాట్‌లలో బిడ్డలు చిక్కుకుని మరణించడంతోనే 2011లో అమెరికా వాటి అమ్మకాన్ని నిషేధించింది.

చివరికి ఇంట్లో మూడు ఓట్లకూ చోటుంది. పగలు అందరి కళ్లెదుట అమ్మమ్మ ఉయ్యాల. మెలకువలో నాయనమ్మ కోరినట్టు తల్లి ఒడి. రాత్రికి చేతికందే దూరంలో గట్టి పరుపు. పట్టింపు వదలని ఇంట్లో కనీసం మంచం ఎత్తయినా ముందే కొలిచి పెట్టుకుంటే ఏ దోషమూ అంటదు.