ఫ్రిజ్‌లో పైన మంచు, కింద వేడి

గత వేసవిలో మా ఫ్రిజ్ పై అరలో ఐసు గడ్డకడుతూనే ఉంది గాని, కింద పెట్టిన పాలు విరిగిపోసాగాయి. అత్తగారి ఇన్సులిన్ కూడా అందులోనే ఉంది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి గదా! వెంటనే పొరుగింటి ఫ్రిజ్‌కు చేర్చాము.

వచ్చిన మెకానిక్ కంప్రెసర్ మార్చాలన్నాడు. పై అర చల్లగానే ఉంటే కంప్రెసర్ చెడడమేమిటని సందేహించి, మరొకరిని పిలిచాము. ఆయన ప్లగ్ తీసి, ఫ్రీజర్ వెనుక పలక విప్పగా గొట్టాల నిండా మంచు! అందుకే చల్లగాలి కిందికి రావడం లేదు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో ఈ మంచును ఒక హీటరు అప్పుడప్పుడు కరిగిస్తుంది. గొట్టాల చల్లదనాన్ని తెలిపేది సెన్సారు. హీటరు బాగానే ఉంది. సెన్సారును ఐసు నీళ్లలో ఉంచి మీటరుతో కొలిచారు. మా ఫ్రిజ్‌లోని రకానికి చల్లబడినకొద్దీ నిరోధం పెరగాలి, అంకె కదలలేదు. ఆ చిన్న సెన్సారు మార్చగానే ఫ్రిజ్ బాగుపడింది.

మీ ఇంట ఇలా జరిగితే మంచును కత్తితో పొడవకండి. ప్లగ్ తీసి, తలుపులు తెరిచి ఒక రోజు ఉంచండి. కొన్నాళ్లు చక్కగా పనిచేసి కథ మళ్లీ మొదటికొస్తే, లోపం చాలావరకు మంచు కరిగించే భాగాలలోనే ఉంటుంది. పెద్ద ఖర్చుకు ఒప్పుకొనే ముందు, పలక విప్పి చూపించమని అడగండి.