హెడ్లీతో బేరం: కోపం ఒకటి, ప్రశ్న మరొకటి

తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్ 10న అమెరికా నుంచి ఢిల్లీకి తీసుకువచ్చిన రోజున చాలా ఇళ్లలో వినిపించిన ప్రశ్న ఒకటే: మరి హెడ్లీ ఏడి? ముంబయిలో ఎక్కడెక్కడ దాడి చేయవచ్చో తిరిగి చూసి, వీడియోలు తీసి లష్కరే తయ్యిబాకు అందించిన మనిషి అమెరికా జైల్లోనే ఉండిపోయాడు. అతనికి సాయపడ్డాడన్న ఆరోపణ ఉన్న మనిషి మాత్రం ఇక్కడికి వచ్చాడు. ఈ వింతకు మూలం 2010 మార్చి 18న షికాగో కోర్టులో బయటపడిన ఒక బేరం.

ఆ రోజు డేవిడ్ హెడ్లీ తనపై మోపిన 12 అభియోగాలనూ ఒప్పుకున్నాడు. తనకు తెలిసినదంతా చెబుతానన్నాడు. అందుకు బదులుగా అమెరికా ప్రభుత్వం అతనికి మరణశిక్ష కోరబోమని, భారత్‌కు గాని, పాకిస్తాన్‌కు గాని, డెన్మార్క్‌కు గాని అప్పగించబోమని మాట ఇచ్చింది. 2013 జనవరి 24న 35 ఏళ్ల శిక్ష పడింది. మరణశిక్ష విధించడమే తనకు సులువయ్యేదని, ఈ మనిషి మారతాడన్న నమ్మకం తనకు లేదని తీర్పు చెప్పిన న్యాయమూర్తే అన్నారు. అయినా ప్రభుత్వం కోరిన మేరకే శిక్ష వేశారు. 166 ప్రాణాలకు 35 ఏళ్లేనా అని మన దేశంలో ఆగ్రహం పెల్లుబికింది. అప్పటి విదేశాంగ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ కూడా అసంతృప్తిని దాచుకోలేదు.

ఆ ఆగ్రహం సహజమే. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో నూటికి తొంభైకి పైగా శిక్షలు ఇలా ఒప్పుకోళ్ల మీదే పడతాయి. అక్కడి లాయర్లకు ఇది రోజువారీ వ్యవహారం, మనకు మాత్రం నెత్తురుతో వ్యాపారంలా కనిపిస్తుంది. మన దేశంలో ఈ పద్ధతి 2006 జూలైలో అమలులోకి వచ్చింది. అది ఏడేళ్ల శిక్షకు మించని నేరాలకే పరిమితం. పైగా ఒప్పందం కుదిరే చోటికి బాధితుణ్ణి కూడా పిలవాలని మన చట్టం చెబుతోంది. హత్య జరిగినప్పుడు క్షమించే హక్కు చనిపోయినవారి వారసులదేనని మన ఫిఖహ్ చెబుతుందని ఈ పేజీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. షికాగోలో బేరమాడుకున్నవి రెండే పక్షాలు, అమెరికా ప్రభుత్వం, హెడ్లీ. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఆ రాత్రి 50 మందికి పైగా చనిపోయారు. ఊరికి పోదామని రైలు కోసం మూటాముల్లెతో కూర్చున్న ముస్లిం కుటుంబాలు కూడా వారిలో ఉన్నాయి. ఆ ఇళ్లవారికి ఆ బల్ల దగ్గర చోటు లేదు. దాడి చేసినవారి శవాలకు మన ఖబరస్తాన్‌లో చోటివ్వబోమని అప్పట్లో ముంబయి ముస్లిం పెద్దలు అన్నారంటే అందులో ఈ బాధ కూడా ఉంది.

అయితే కోపమంతా శిక్షాకాలం మీదే ఆగిపోవడం నాకు సరిగా తోచడం లేదు. బేరంలో అమెరికా కొన్నది హెడ్లీ మాట. ఆ మాట విలువ ఎంత అన్నదే అసలు చూడవలసిన సంగతి.

ఈ మనిషికి బేరాలు కొత్త కాదు. తండ్రి పాకిస్తానీ, తల్లి అమెరికన్, పుట్టినప్పటి పేరు దావూద్ గిలానీ. 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో హెరాయిన్‌తో పట్టుబడ్డాడు. తోటివారిని పట్టించి శిక్ష తగ్గించుకున్నాడు. 1997లో మళ్లీ అదే నేరం, మళ్లీ అదే దారి. ఈసారి మాదకద్రవ్యాల నిఘా శాఖకు ఇన్‌ఫార్మర్ అయ్యాడు. 2006లో పేరు డేవిడ్ కోల్మన్ హెడ్లీగా మార్చుకుని అదే ఏడాది సెప్టెంబరు నుంచి 2008 జూలై దాకా అయిదుసార్లు ముంబయి వచ్చివెళ్లాడు. ఆ పేరును ఎవరూ అనుమానించలేదు. మన పిల్లలు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే ఎన్ని ప్రశ్నలు ఎదురవుతాయో తెలిసినవారికి ఇది ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పనక్కరలేదు.

2009 అక్టోబరులో అతను షికాగోలో పట్టుబడే నాటికి ముంబయిలో కసబ్‌తోపాటు ఇద్దరు భారతీయ ముస్లిం యువకులు బోనులో నిలబడి ఉన్నారు. దాడి చేసినవారికి చేతితో గీసిన పటాలు అందించారని వారిపై ఆరోపణ. చనిపోయిన ఒక ఉగ్రవాది జేబులో పటం దొరికిందన్నారు. బట్టలకు నెత్తురు అంటినా ఆ కాగితానికి మరక అంటలేదు! 2010 మేలో ప్రత్యేక కోర్టు వారిద్దరినీ నిర్దోషులన్నది. హైకోర్టు, 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేశాయి. ఈలోగా హెడ్లీ నేరాంగీకారంతో, వీడియోలు తీసి దారులు చూపినది ఎవరో లోకానికి తెలిసింది. ఆ బేరమే లేకపోతే ఈ నిజం ఇంత త్వరగా బయటికి వచ్చేదా? బేరాన్ని తిట్టేటప్పుడు మనలో చాలామంది ఈ సంగతి తలచుకోరు.

ఇక రెండో వైపు. 2015 డిసెంబరులో ముంబయి కోర్టు కూడా హెడ్లీని అప్రూవర్‌గా ఒప్పుకున్నది. అంటే క్షమాభిక్ష పెట్టి సాక్షిగా మార్చుకున్నది. 2013లో శిక్ష చాలలేదని మండిపడ్డ దేశమే చేసిన ఈ పనిపై పెద్దగా నిరసన కనిపించలేదు. 2016 ఫిబ్రవరిలో వీడియో ద్వారా సాక్ష్యం చెబుతూ, లష్కరే తయ్యిబా పంపిన ఒక మహిళ గురించి తాను విన్నానన్నాడు. ప్రాసిక్యూటర్ మూడు పేర్లు వినిపించి ఏదని అడిగితే ఇష్రత్ జహాఁ అన్నాడు. 2004 జూన్ 15న అహ్మదాబాద్ శివార్లలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 19 ఏళ్ల ముంబ్రా కాలేజీ విద్యార్థిని ఆమె. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని 2009లో మెజిస్ట్రేటు, 2013లో సి.బి.ఐ. చెప్పారు. (ఆ కేసులో మిగిలిన చివరి ముగ్గురు పోలీసులకూ 2021లో కోర్టు విముక్తి ఇచ్చిందన్నది వేరే కథ.) హెడ్లీ నోటి నుంచి ఆ ఒక్క మాట రాగానే టీవీల్లో తీర్పు అయిపోయింది.

ఇక్కడ మనం కూడా కాస్త ఆగి చూసుకోవాలి. పటాల విషయంలో హెడ్లీ మాట నిజమైతే, ఇష్రత్ విషయంలో అబద్ధమని ఎలా అంటాం? మనకు కావలసినప్పుడు నమ్మి, కాదన్నప్పుడు తోసిపుచ్చుతున్నామని ఎదుటివాడు అడిగితే జవాబు ఉండాలి. ఉంది కూడా. ముంబయి వీధుల్లో తిరిగింది తానే, వీడియోలు తీసింది తానే. అతని రాకపోకలకు ప్రయాణపు రికార్డులు ఉన్నాయి. ఇష్రత్ సంగతి అతను చూసింది కాదు, మరొకరు అనగా విన్నది. పేరు కూడా తానుగా చెప్పలేదు, మూడింటిలో ఏరి చూపాడు. శిక్ష తగ్గించుకోవడమే అలవాటైన సాక్షి మాటను వేరే ఆధారం పక్కన పెట్టి తూచాలే గాని, ఒంటరిగా తూచకూడదు. అది ఎవరికి అనుకూలమైనా సరే.

ఇదే తూకం 2011లో షికాగో జ్యూరీ వేసింది. రాణాపై ప్రధాన సాక్షి హెడ్లీయే. రోజుల తరబడి అతని మాట విన్న జ్యూరీ, డెన్మార్క్ కుట్రలో, లష్కరేకు సాయపడిన అభియోగంలో రాణాను దోషి అన్నది. ముంబయి దాడుల అభియోగంలో మాత్రం నిర్దోషి అన్నది. ఆ అభియోగంపై అక్కడ విడుదలైనవాడు, నేరం ఒప్పుకోనందువల్లే ఇప్పుడు ఢిల్లీకి వచ్చాడు. ఒప్పుకున్నవాడు ఒప్పందం చాటున ఉన్నాడు. ఢిల్లీ కోర్టులో విచారణ సాగే కొద్దీ హెడ్లీ మాటలు మళ్లీ ముందుకు రాక తప్పదు. వాటి పక్కన ఎన్.ఐ.ఎ. ఇంకేమి ఆధారం పెడుతుందో టీవీ చర్చల్లో కాక కోర్టు రికార్డులో చూడాలి.