ఇంటిపేరు ఎవరి ప్రయాణం?

అరుదైన ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎంతదూరం పాకింది అని వెతికేవాళ్లు తాతల జాడే తీస్తారు. అమ్మమ్మల జాడ ఎవరికి కావాలి?

పుట్టపర్తి నారాయణాచార్యుల (1914-1990) వంశం ఇంటిపేరు మొదట తిరుమల. పూర్వీకులలో ఒకరు చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో ఉండటంతో ఊరిపేరే ఇంటిపేరయిందంటారు. చిత్రావతి పులివెందుల ప్రాంతం మీదుగా వచ్చి, జమ్మలమడుగు వైపు గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. (కలిశాక దానికీ సొంత పేరు ఉండదు.) ఆ దిగువనే ప్రొద్దుటూరు. ఆచార్యులు అక్కడ నివసించడంతో ఇంటిపేరూ అక్కడికి చేరింది.

ఆయన భార్య కనకమ్మ కూడా కవయిత్రే. అచ్చులో మాత్రం ఆమె పుట్టపర్తి కనకమ్మ. కూతురు నాగపద్మిని పుట్టింటి పేరుతోనే రాస్తున్నారు. రచయిత్రి కనుక చెల్లింది. పులివెందుల నుంచి జమ్మలమడుగుకు కాపురానికొచ్చిన మామూలు ఆడపిల్లకు అది చెల్లుతుందా?

పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. అయినా బడి సర్టిఫికెట్లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకొకటి. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చిన 1986 నాటి మన రాష్ట్ర సవరణ, అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. వాటా అడగబోయిన ఆడపడుచు ఇప్పుడు మొదట తాను ఆ ఇంటి బిడ్డనేనని రుజువు చేసుకోవాలి. అన్నదమ్ములను ఆ రుజువు ఎవరూ అడగరు.

వంశవృక్షాలు రాసేవాళ్లు కూతుళ్ల కొమ్మలు కూడా గీయాలి, వాళ్లు వెళ్లిన ఊళ్ల పేర్లతో సహా.