1,200 సీసీ గీత: చవక స్పోర్ట్స్ కారును ఆపింది ఇంజినీరు కాదు, పన్ను పట్టిక

2025 జీఎస్టీ సంస్కరణల మీద జీఎస్-3 ఆన్సర్ రాయమంటే మనందరి కలం నుంచి దాదాపు ఒకే వాక్యం వస్తుంది. చిన్న కార్లపై పన్ను 18 శాతానికి తగ్గింది, డిమాండ్ పెరుగుతుంది, ఉపాధి పెరుగుతుంది. నేనూ అలాగే రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ ఒక్క ప్రశ్న మీరు ఎప్పుడైనా వేసుకున్నారా? "చిన్న కారు" అంటే ఏమిటి?

పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. ఇంజిన్ పెట్రోల్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు. ఈ గీత 2006-07 బడ్జెట్‌లో గీసింది. అప్పుడు ఈ కొలతల్లో ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. ఎక్సైజ్ పోయి జీఎస్టీ వచ్చింది, సెస్ వచ్చి పోయింది, గీత మాత్రం అక్కడే ఉంది.

2025 సెప్టెంబర్ 22కి ముందు సెస్‌తో కలిపి చిన్న పెట్రోల్ కారుపై 29 శాతం, 1,200 దాటి 1,500 సీసీ లోపు ఉన్న కారుపై 45 శాతం, పెద్ద ఎస్‌యూవీపై 50 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు మొదటిది 18, మిగతా రెండూ 40. తీసివేత చేసి చూడండి. చిన్న కారుకు 11 పాయింట్లు తగ్గాయి, పెద్ద ఎస్‌యూవీకి 10 తగ్గాయి, మధ్యలో ఉన్నవాడికి 5 మాత్రమే. గీతకు ఇటూ అటూ తేడా 16 నుంచి 22కి పెరిగింది. మన నోట్స్‌లో దీన్ని "హేతుబద్ధీకరణ" అని రాసుకుంటున్నాం!

పన్నుకు ముందు 7 లక్షల ధర ఉన్న పొట్టి కారును తీసుకోండి. ఇంజిన్ 1,197 సీసీ అయితే కొనేవాడికి 8.26 లక్షలు. అదే 1,201 సీసీ అయితే 9.80 లక్షలు. నాలుగు సీసీలకు 1.54 లక్షలు. ఎకనామిక్స్‌లో దీన్ని నాచ్ అంటారు. మెట్టు కాదు, గోడ.

ఈ గోడ ముందు నిలబడిన ఇంజిన్ డిజైనర్ ఏం చేస్తాడు? కియా సోనెట్ చూడండి. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారవుతుంది. మన దేశంలో అమ్మేదాని పొడవు 3,995 మిల్లీమీటర్లు. పెట్రోల్‌లో 1.2 లీటర్ల మామూలు ఇంజిన్ 83 పీఎస్ ఇస్తుంది, ఒక లీటర్ టర్బో 120 పీఎస్ ఇస్తుంది. ఇండోనేషియాకు వెళ్లే సోనెట్ పొడవు 4,120, ఇంజిన్ టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోల్, సుమారు 115 పీఎస్. అంటే దాదాపు అదే శక్తిని ఆ కారు సాదాసీదాగా ఇస్తోంది. ఇక్కడ మాత్రం అదే పనికి టర్బోచార్జర్, ఇంటర్‌కూలర్, సిలిండర్‌లోకి నేరుగా పెట్రోల్ చిమ్మే అధిక పీడన పంపు, వేడికి తట్టుకునే ఎగ్జాస్ట్ భాగాలు కావాలి. న్యాయంగా చెప్పాలంటే టర్బోకు టార్క్ ఎక్కువ, సిటీలో హాయిగా లాగుతుంది. కంపెనీ దాన్ని ఆ గుణం కోసమే ఎంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. పన్ను తప్పించుకోవడానికి ఎంచుకుంటేనే అభ్యంతరం. బ్రేకులకు, సస్పెన్షన్‌కు పెట్టాల్సిన డబ్బు టర్బోకు పోతుంది.

చవక స్పోర్ట్స్ కారు సూత్రం ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. 1989లో మాజ్దా ఎంఎక్స్-5 తెచ్చినప్పుడు కొత్త ఇంజిన్ కోసం తల బద్దలు కొట్టుకోలేదు. తన ఫ్యామిలీ కారు 323కి వాడుతున్న 1.6 లీటర్ల ఇంజిన్ కుటుంబం నుంచే తీసుకుని, టన్నులోపు బరువున్న రెండు సీట్ల బాడీలో పెట్టింది. ఆ కారు పొడవు నాలుగు మీటర్ల లోపే! మన పట్టికలో అయినా అది 40 శాతం పక్కనే పడుతుంది, మూడు లీటర్ల ఎస్‌యూవీతో సమానంగా.

"జపాన్‌లోనూ సీసీ పరిమితి ఉంది కదా, 660 సీసీలో హోండా బీట్, సుజుకీ కప్పుచినో 1991లోనే రాలేదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. వచ్చాయి, ముచ్చటైన కార్లు. కానీ 660 సీసీ దాటగానే అక్కడి కంపెనీకి దారి మూసుకుపోలేదు. అదే దేశం ఎంఎక్స్-5నీ కన్నది. మన దగ్గర గీత ఇవతల ఆల్ట్రోజ్ రేసర్ లాంటివి వచ్చాయి: 2024లో, 1.2 టర్బో, 120 పీఎస్, ప్రారంభ ధర 9.49 లక్షలు. మంచి ప్రయత్నం, కానీ అది హ్యాచ్‌బ్యాక్‌కు వేసిన వేగపు చొక్కా. గీత అవతల అడుగుపెట్టే ధైర్యం ఎవరు చేస్తారు?

రెండో అభ్యంతరం మా ఇంట్లోనే ఉంది. మందిర్ హసౌద్‌లో ఎన్‌హెచ్-53 లారీల మోత మధ్య కూర్చుని నేను స్పోర్ట్స్ కారు అంటే నాన్న నవ్వుతారు. "బస్సులో సీటు దొరకని దేశంలో నీకు ఈ కార్ల గోల ఏమిట్రా? ముందు ప్రిలిమ్స్ దాటు." ఒప్పుకుంటాను. నేను సబ్సిడీ అడగడం లేదు. పెద్ద ఇంజిన్‌కు పన్ను వద్దనీ అనడం లేదు. పొగకు పన్ను వేయండి, సీసీకి కాదు అంటున్నాను. కొలత కొత్తగా కనిపెట్టక్కర్లేదు. సీఏఎఫ్ఈ నిబంధనల కింద 2017-18 నుంచి కంపెనీలు అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కగడుతూనే ఉన్నాం. 2022-23 నుంచి ఆ లక్ష్యం కిలోమీటరుకు 113 గ్రాములు. బ్రిటన్ 2001 నుంచే వాహన పన్నును ఈ గ్రాములకు ముడిపెట్టింది. గ్రాము పెరిగిన కొద్దీ పన్ను కొద్దికొద్దిగా పెరిగితే 1,201వ సీసీకి శిక్ష ఉండదు, మూడు లీటర్ల ఎస్‌యూవీకి 1.5 లీటర్ల కారుతో సమాన మర్యాదా ఉండదు.

నాతో మెకానికల్ చదివినవాళ్లలో ఇంజిన్ మీద పనిచేస్తున్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు కోడింగ్‌లో ఉన్నారు, నేను ఇక్కడ లక్ష్మీకాంత్ ముందు ఉన్నాను. ఆ ఇద్దరిలో ఒకణ్ణి మొన్న ఫోన్‌లో అడిగాను, కొత్త ఇంజిన్ మొదలుపెట్టేటప్పుడు మొదట ఏం రాసుకుంటారని. శక్తో, బరువో, మైలేజో చెబుతాడనుకున్నాను. "1,199" అన్నాడు.