పాత ఇంటి గోడలో తేనెపట్టు: విస్తరణ సేవలో ఒక వెలితి

మాఘ, ఫాల్గుణ మాసాలు మన గ్రామాలలో పాత ఇళ్ళ మరమ్మతులకు కాలం. ఉగాదికి గోడలకు సున్నం వేయాలి, తొలకరికి ముందే పెంకు సర్దించాలి, చెద పట్టిన వాసాలు మార్చాలి, పెరడు శుభ్రం చేసి కొత్త పాదులు తీయాలి. సరిగ్గా ఆ నెలలలోనే మునగ, వేప, వాటి వెనుక కానుగ పూతకు వస్తాయి. పుప్పొడి, మకరందం సమృద్ధిగా దొరకడంతో తేనెటీగల కుటుంబాలు బలపడి, కొత్త రాణిని పెంచుకుంటాయి. పాత రాణితో ఒక గుంపు బయటపడి నివాసం కోసం తొర్రలనూ గోడ సందులనూ వెతుకుతుంది. మేస్త్రి తాపీ పట్టుకుని గోడ దగ్గరకు వచ్చే రోజులూ, ఈగలు ఆ గోడలో చేరే రోజులూ ఒకటే. ఈ రెండూ ఎదురుపడిన చోట విస్తరణ శాస్త్రవేత్తకు ఒక పని ఉన్నదని, దానిని మనం ఇంతవరకు మన పనిగా గుర్తించలేదని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల కలిగింది కాదు. గోదావరి డెల్టాలోని మా తాతగారి మండువా లోగిలికి మరమ్మతు చేయిస్తుండగా, పడమటి గోడలో ఏనాడో చెక్క కొట్టి మూసివేసిన ఒక గూటి వెనుక పుట్ట తేనెటీగల కుటుంబం బయటపడింది. ఈగల సంగతి చూడమని మేస్త్రికి చెప్పినవాడిని నేనే. ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు. ఆయన తనకు తెలిసిన విధంగానే చూశాడు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డను రంధ్రంలో కుక్కి, పైన సిమెంటు మెత్తాడు. బ్రతికి ఉన్న కుటుంబం రెక్కలతో గాలి వీచుకుంటూ పిల్ల పట్టు ఉష్ణోగ్రతను సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుకుంటుంది. ఈగలు లేని పట్టు చైత్రపు ఎండకు మెత్తబడి జారిపోతుంది. పక్షం తిరిగేసరికి కొత్త సున్నం మీద గోధుమరంగు చారలు దిగాయి. చీమలు బారులు కట్టాయి. చివరకు గోడ మళ్ళీ తవ్వి చూస్తే కుళ్ళిన పిల్ల పురుగులూ, మైనపు చిమ్మట గూళ్ళూ కనిపించాయి. కీటక శాస్త్రం బోధించినవాడి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

వెనుక గది గోడలో మరొక కుటుంబం ఉన్నట్లు ఆ తరువాత తెలిసింది. ఈసారి తొందరపడకుండా, అందుబాటులో ఉన్న ఒక విస్తరణ కార్యాలయానికి ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడారు. పథకం కింద పెట్టెలు ఇస్తున్నామని, దరఖాస్తు పెట్టుకుంటే ఈగలతో సహా సరఫరా చేస్తామని చెప్పారు. గోడలో ఉన్న ఈగలను పెట్టెలోకి మార్చగలిగిన మనిషి మాత్రం తమ వద్ద లేడన్నారు. వారిని నిందించడానికి ఈ మాట వ్రాయడం లేదు. మన కార్యక్రమాలను రూపొందించిన తీరే అలాంటిది.

చివరకు పక్క ఊరి నుంచి తేనె తీసే ఒక వృద్ధుడు వచ్చాడు. తీరు ఆయనది, పాఠం నాది. ఎండ తగ్గిన తరువాత పని మొదలుపెట్టాము. కొబ్బరి పీచు పొగను రెండు మూడు సార్లు పలుచగా వదిలి, చెక్క ఊడదీసి, సమాంతరంగా వేలాడుతున్న పట్లను అంచు నుంచి ఒక్కొక్కటిగా కోశాము. తేనె ఉన్న పట్లను మూత ఉన్న గిన్నెలో వేరు చేశాము. తేనె చిందితే చీమలూ పరాయి ఈగలూ దోపిడీకి దిగుతాయి. గుడ్లూ పిల్లలూ ఉన్న పట్లను న్యూటన్ పెట్టె చట్రాల కొలతకు కత్తిరించి, అరటి నారతో చట్రాలకు కట్టి, పెట్టె మధ్యలో అమర్చాము. రాణి దొరికింది. దానిని పెట్టెలోకి చేర్చి, కూలి ఈగలకు దారి ఇచ్చి రాణిని ఆపే జల్లెడను ద్వారానికి బిగించాము. పాత రంధ్రం పక్కనే పెట్టెను నిలిపేసరికి చీకటి పడింది. బయట తిరుగుతున్న ఈగలన్నీ లోపలికి వెళ్ళాయి. మరునాటి నుంచి అయిదారు సాయంత్రాలు పంచదార పాకం పెట్టాము. పెట్టె కాళ్ళ కింద నీటి గిన్నెలు ఉంచాము. ఈగలు పట్టును నార చుట్టూ అతికించుకుని, నారను ముక్కలు ముక్కలుగా కొరికి బయట పడవేసిన రోజున జల్లెడ తీసివేశాము. గోడలోని ఖాళీని ఇటుకతో, సున్నంతో పూడ్పించాము. మొత్తం పని మూడు గంటలు. దీనిలో విద్యార్థులు నేర్చుకోలేనిది ఏమీ లేదు. కాని నేర్పేవారు లేరు.

భారత తేనెటీగను చట్రాల పెట్టెలో పెంచే పద్ధతి మనకు కొత్త కాదు. ఫాదర్ న్యూటన్ తిరుచిరాపల్లిలో ఇరవయ్యవ శతాబ్దం రెండవ దశకంలోనే చిన్న పెట్టెను రూపొందించి గ్రామీణులకు శిక్షణ ఇచ్చారు. 1960వ దశకంలో ఐరోపా తేనెటీగ ఉత్తరాదిన నిలదొక్కుకున్న తరువాత మన లెక్కలు మారాయి. ఐరోపా ఈగ పెట్టెకు పాతిక, ముప్ఫై కిలోల తేనె ఇవ్వగలదు. పుట్ట తేనెటీగ ఇచ్చేది నాలుగైదు కిలోలే. 2020లో రూ. 500 కోట్ల కేటాయింపుతో ప్రకటించిన జాతీయ మిషన్ అనంతరం పెట్టెల పంపిణీ ఊపందుకుంది. పంపిణీ తప్పు కాదు. పూత వెంట పెట్టెలను లారీలో తరలించగల పెంపకందారుకు ఐరోపా ఈగ లాభసాటి. కాని మునగ చెట్టూ, రెండు కొబ్బరి చెట్లూ, గుమ్మడి పాదూ ఉన్న ఇంటివారు ఆ పెట్టెను వర్షాకాలపు కరువులో ఎలా పోషిస్తారు? ఇచ్చిన మరుసటి ఏటికి పెట్టె ఖాళీ అయి ధాన్యపు గింజలు దాచుకోవడానికి పనికివస్తున్న ఇళ్ళు నేను చూశాను. పెరటి పెంపకాన్ని కిలోలతో కొలవడమే పొరపాటని నా ఉద్దేశం.

మరొక విషయం కూడా గమనించాలి. 1991–92లో థాయి సంచి పిల్ల తెగులు దక్షిణాదిన పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టినంత పని చేసింది. పెంపకందారుల పెట్టెలు వేల సంఖ్యలో ఖాళీ అయ్యాయి. ఎవరూ చక్కెర పాకం పెట్టకుండా, మందు వేయకుండా ఏళ్ళ తరబడి గోడలలో, తొర్రలలో బ్రతుకుతున్న కుటుంబాలను స్థానికమైన తట్టుకునే శక్తికి మూలధనంగా చూడాలి. వేరే రాష్ట్రం నుంచి పెట్టెలను కొని తెస్తూ, మన గోడలోని కుటుంబాన్ని కిరోసిన్‌తో చంపడం ఏ ఆర్థిక శాస్త్రానికీ అందని లెక్క.

పాత ఇంటి ఆశ్రితులలో తేనెటీగ ఒకటి మాత్రమే. దూలాలకు గుండ్రని రంధ్రాలు చేసే నల్లని తుమ్మెదను మన కవులు నెత్తిన పెట్టుకున్నారు. వడ్రంగులు మాత్రం రంగు డబ్బాతో తరుముతున్నారు. వంగ, టమాటా పువ్వులలో పుప్పొడి కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రం గుండా మాత్రమే రాలుతుంది. దానిని రాల్చడానికి పువ్వును పట్టుకుని కండరాలతో కంపింపజేయాలి. తుమ్మెద ఆ పని చేస్తుంది. మట్టి గోడలలో, నేలలో గూడు కట్టే నీలి చారల ఒంటరి ఈగ కూడా చేస్తుంది. తేనెటీగకు అది చేతకాదు. పెరట్లో వంకాయ కోసం తేనెటీగల పెట్టెను సిఫారసు చేసిన కరపత్రాన్ని ఒకసారి చదివి నవ్వుకున్నాను. తీసివేసిన పాత వాసాన్ని పొయ్యిలో పెట్టకుండా, రంగు వేయకుండా, పశువుల పాక చూరు కింద కట్టివుంచితే తుమ్మెదకు అది చాలు. పెరడంతా సిమెంటు చేయించకుండా ఒక మూల మట్టిని వదిలితే ఒంటరి ఈగకు అది చాలు.

ఇక చెదమందు. పాత ఇంటి మరమ్మతులో క్లోర్‌పైరిఫాస్ గాని, ఇమిడాక్లోప్రిడ్ గాని వాడని చోటు ఇప్పుడు అరుదు. రెండూ తేనెటీగలకు అత్యంత విషపూరితాలు. పునాది వెంట కాలువ తీసి పోసిన మందు వేరు, చూరుకూ గోడ సందులకూ పిచికారీ చేసిన మందు వేరు. రెండవది నేరుగా ఈగల రాకపోకల దారిలో పడుతుంది. పైరు మీద పూత సమయంలో మందు కొట్టవద్దని రైతుకు చెప్పే మనం, ఇంటికి పిచికారీ చేసేవారితో ఆ మాట అనడం లేదు. పెట్టెను ముందుగా దూరం తరలించమని గాని, పిచికారీని సాయంత్రం ఈగలు చేరిన తరువాత చేయమని గాని చెప్పేవారెవరు? పుట్ట తేనెటీగ మేత వెతికే దూరం చాలావరకు కిలోమీటరు లోపే. అంటే ఒక ఇంటి పెట్టె బ్రతకడం ఆ వీధిలోని ఇళ్ళన్నిటి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి మన కార్యక్రమానికి ఒక్కొక్క లబ్ధిదారును కాక వీధిని ప్రమాణంగా తీసుకోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలు, వృద్ధులు ఉంటారనీ, ఈగ కుట్టితే ఎవరు బాధ్యులనీ మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఈగ విషం పడనివారు ఉన్న ఇంట్లో పెట్టె పెట్టరాదు; అలాంటి కుటుంబాన్ని ఊరి చివరి తోటకు తరలించాలి. అయితే తరలించడానికి కూడా అదే నైపుణ్యం కావాలి. అది లేకపోవడం వల్లనే కిరోసిన్ గుడ్డ గెలుస్తున్నది.

నేను కోరుతున్నది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన పరిధిలో పట్టు మార్పిడి తెలిసిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు సిద్ధంగా ఉంచాలి. గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్ళే విద్యార్థి కనీసం ఒక పట్టును స్వహస్తాలతో మార్చి రావాలి. శిక్షణను ఏ ఆర్థిక సంవత్సరాంతంలోనో కాక పుష్య మాసంలో, అంటే మరమ్మతులు మొదలు కాకముందు జరపాలి. ఆ శిక్షణకు రైతులతో పాటు తాపీ మేస్త్రులనూ, వడ్రంగులనూ, చెదమందు కొట్టేవారినీ పిలవాలి. గోడను ముందుగా తెరిచేది వారే.

మా ఇంటి మేస్త్రి రెండవసారి దూరం నుంచి అంతా చూశాడు. అలాంటి శిక్షణ పెడితే ఒక రోజు కూలి వదులుకుని అయినా వస్తానన్నాడు. ఆయన రైతు కాడు, ఏ పథకంలోనూ లబ్ధిదారు కాడు. ఆయన పేరు ఏ జాబితాలో వ్రాయాలో చెప్పగలిగినవారు నాకు ఇంకా తారసపడలేదు.