అసంపూర్ణమైన ఆట

పులిజూదమునకు కావలసిన సామగ్రి స్వల్పము: నేలపై గీతలు, 3 పులులు, 15 మేకలు. గీత తప్పినచో చెరిపి మరల గీయవచ్చును. యంత్రముపై ఆడు ఆటలకును ఈ పద్ధతియే మేలని నా అభిప్రాయము.

అమెరికాలోని పానిక్ అను సంస్థ 2022లో ప్లేడేట్ అను చిన్న ఆటయంత్రమును వెలువరించినది. అరచేతిలో ఇమిడెడి ఆ యంత్రపు తెరపై రంగులు లేవు; అడ్డముగా 400, నిలువుగా 240 చుక్కలు మాత్రమే కలవు. ప్రక్కన త్రిప్పుటకు ఒక పిడి యున్నది. దీనికై ఆటలను రచించు సాధనములను ఆ సంస్థ ఉచితముగా నిచ్చుచున్నది. రచించిన ఆటను కంప్యూటరుపైననే ఆడి చూడవచ్చును. కావున పామూరులోని విద్యార్థి సైతము పులిజూదమును ఈ చిన్న తెరపైకి తేగలడు.

అయితే, పూర్తికాని ఆటను పరులకిచ్చుట తగునా? కొరతను దాచి పూర్తి వెల గైకొనుట మోసమే. కాని "ఇది తొలిరూపము, మేకల కదలికలో లోపము కలదు" అని ముందుగనే తెలిపినచో అది మోసము కాదు, ఆహ్వానము. స్వీడనుదేశమున పుట్టిన మైన్‌క్రాఫ్ట్ అను ఆట 2009లో ఇట్లే అసంపూర్ణముగా వెలువడి, 2011లో పూర్తిరూపము దాల్చినది. ఆ నడుమ ఆడినవారి సలహాలు రచయితకు తోడ్పడినవి.

నవ్వుదురేమోయని ఆటను దాచుకొన్నవాడు తన తప్పులను ఒంటరిగా వెదకుకొనవలెను. దానిని నిజాయితీతో పదిమంది ముందుంచినవానికి పదిమంది కన్నులు తోడగును. విద్యార్థులారా! గీత తప్పినదని ఎదుటివాడు చెప్పినపుడు అలుగక, చెరిపి మరల గీయుడు.