చేతిని చూసి మౌస్ కొనండి

గండికోట లోయ అంచున పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలను చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ఫొటోలు ఆల్బమ్‌గా మారేది మాత్రం జమ్మలమడుగులోనో, ప్రొద్దుటూరులోనో, పులివెందులలోనో ఏదో ఒక ఇంటి ముందుగదిలో. మాఘమాసం వచ్చిందంటే ఆ గదుల్లో అర్ధరాత్రి దాటినా లైటు ఆరదు. వేల ఫొటోల్లోంచి మంచివి ఏరడం, రంగులు సరిచేయడం, వీడియో కత్తిరించడం... అన్నీ ఒక్క కుడిచేతి మీదే. కెమెరా కోసం అప్పు చేయడానికైనా వెనుకాడని మీరు, రోజంతా చేతిలో ఉండే మౌస్ విషయంలో ‘ఏదో ఒకటిలే’ అనుకుంటున్నారా?

ప్రొద్దుటూరు బంగారు పనివారిని అడిగి చూడండి. చేతికి ఇమడని పనిముట్టుతో సన్నపని సాగదని చెబుతారు. మౌస్ కూడా పనిముట్టే. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం తయారుచేసిన తొలి మౌస్ చిన్న చెక్కపెట్టె. ఆకారం ఎంత మారినా, అరచేతిని నేలవైపు తిప్పి పట్టుకునే తీరు చాలా మౌస్‌లలో అలాగే ఉండిపోయింది. గంటల తరబడి అలా ఉంటే ముంజేయి కండరాలు బిగుసుకుంటాయి. మణికట్టు పైకి వంగి ఉంటే, అక్కడి ఇరుకైన సందులోంచి అరచేతిలోకి వెళ్లే నరంపై ఒత్తిడి పెరుగుతుంది. దీన్నే కార్పల్ టనెల్ సమస్య అంటారు. తప్పంతా మౌస్‌దే అనలేం. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువ. వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఏది కొనాలి? ముందు మీ చేతిని చూసుకోండి. చిన్న మౌస్‌ను పెద్ద చేయి గిల్లినట్టు పట్టుకుంటుంది. పెద్ద మౌస్ మీద చిన్న చేయి సాగదీసుకుంటుంది. రెండూ నొప్పికి దారులే. దుకాణంలో ఐదు నిమిషాలు పట్టుకుని చూశాకే డబ్బివ్వండి. అరచేయి పక్కకు తిరిగి ఉండే నిలువు మౌస్‌తో ముంజేయి మెలిక తగ్గుతుంది. అయితే అది మందు కాదు, సౌకర్యం మాత్రమే. బల్ల ఇరుకైతే, చేయి కదపకుండా బంతిని తిప్పే ట్రాక్‌బాల్ పనికొస్తుంది. ఇప్పటికే బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే, బొటనవేలితో తిప్పే రకం వద్దు. ముఖాల మీద మచ్చలు దిద్దే పనికి పెన్ ట్యాబ్లెట్ మేలు. దాన్ని కూడా బిగించి పట్టకూడదు. ఎడమచేతి వాటం వారు రెండు చేతులకూ సరిపోయే మౌస్‌ను గానీ, ఎడమచేతి కోసమే చేసినదాన్ని గానీ అడిగి తీసుకోండి. ఇంట్లోనే గొంతు రికార్డు చేసేవారికి చప్పుడు లేని బటన్ల మౌస్ అయితే మైకులో టిక్కుటిక్కులు పడవు.

ఎంత మంచి మౌస్ కొన్నా, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని వంగి పనిచేస్తే లాభం లేదు. మోచేయి పక్కన ఆనుకుని, ముంజేయి బల్లకు సమంగా ఉండాలి. మౌస్ కీబోర్డుకు దగ్గరగా ఉండాలి. బల్ల అంచు మణికట్టును నొక్కకూడదు. బాణం గుర్తు వేగం కాస్త పెంచితే చేయి తక్కువ కదులుతుంది. పదేపదే చేసే పనులకు కీబోర్డు షార్ట్‌కట్లు వాడితే క్లిక్కులు తగ్గుతాయి. అరగంటకోసారి చేతికి ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా? రాత్రి మెలకువ వచ్చి చేయి విదిలిస్తున్నారా? పట్టుకున్న గ్లాసు జారిపోతోందా? అప్పుడు కొత్త మౌస్ కోసం కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లండి. నొప్పి మాత్రలతో సీజన్ గట్టెక్కిద్దామనుకోకండి. తొలిదశలో పట్టుకుంటే రాత్రిపూట మణికట్టుకు పట్టీ, పనిలో మార్పులతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఆలస్యమై బొటనవేలి కింది కండ కరిగితే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కొత్త మౌస్ చేతికి అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. ముహూర్తాల మధ్య మారిస్తే పని కుంటుపడి, విసుగుతో పాతదే పట్టుకుంటారు. నొప్పి లేనివారికి ఆషాఢం అనువైన కాలం. అప్పుడు పెళ్లిళ్లుండవు, తొందరా ఉండదు. శ్రావణం వచ్చేసరికి చేయి సిద్ధంగా ఉంటుంది. కెమెరా పాడైతే అద్దెకు ఇంకొకటి దొరుకుతుంది. చేయి అలా దొరకదు కదా!